పైపైన ఒక పూత

మార్చి 2

ఒళ్లు హూనమైంది. పెదనాన్న మోటార్‌లో కాలిపోయిన పాత వైండింగ్ ఇంకా సగం లోపలే ఉంది. ఉలి పెట్టి కొడితే ఉలి మొన వంగింది గానీ రాగి తీగ కదల్లేదు. కంపెనీ వాళ్లు దీన్ని చుట్టారా, పోత పోశారా? ట్రైనింగ్ సెంటర్లో ఇదే పని టీ వచ్చేలోపు ముగించేదాన్ని. నేను చుట్టిన కాయిల్ విప్పితే తీగకు ఒక్క మెలిక కూడా ఉండదని సార్ బ్యాచ్ మొత్తానికి చూపించేవారు. "చూడండి, పనంటే ఇదీ. తర్వాతి బ్యాచ్ వాళ్లు ఈ అమ్మాయికి దండం పెట్టుకోవాలి" అనేవారు. స్కాలర్‌షిప్ మీద వెళ్లినవాళ్లలో మొదటి బహుమతి నాకే వచ్చింది. ఆ బహుమతే ఈ డైరీ.

బహుమతి ఒళ్లో పెట్టుకుని ఎరువుల గదిలో కూర్చున్నాను. సగం గది బస్తాలది, సగం నాది. బయట రేకు ముక్క మీద చెల్లి రంగుతో రాసింది: ఇచ్చట మోటార్లు చుట్టబడును. "ఆ ఇచ్చట ఎందుకే, వచ్చినవాళ్లకి తెలీదా ఎక్కడున్నారో?" అంటే, "ఆఫీసు బోర్డులా ఉండాలి కదక్కా" అంది.

మధ్యాహ్నం వదిన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. "ఏడాది పాటు హాస్టల్లో పెట్టి నేర్పింది దీన్ని చావబాదడమేనా? అదేదో మా మేనత్తని అడిగితే ఊరికే నేర్పేది" అంది. నవ్వొచ్చింది. నవ్వానని తెలియకుండా ఇంకో రెండు దెబ్బలు వేశాను.

నాన్న మాట గుర్తుండాలని రాస్తున్నాను. మేలో సెంటర్లో కొత్త బ్యాచ్ మొదలయ్యేదాకా చూస్తాడట. నా పని నిలబడితే చెల్లిని కూడా అదే స్కాలర్‌షిప్ మీద సెంటర్‌కి పంపుతాడు. నిలబడకపోతే ఇద్దరం టౌన్లో నూలు మిల్లుకే. వదిన వాళ్ల అక్క అక్కడే చేస్తోంది, సూపర్‌వైజర్‌తో మాట్లాడి పెట్టింది కూడా.

మార్చి 3

వచ్చింది. ముందు మంట చూపించి, తర్వాత ఉలితో ముక్కలు ముక్కలుగా. తల ప్రాణం తోకకొచ్చింది. అరచేతుల్లో బొబ్బలు.

మార్చి 6

కొత్త తీగతో చుట్టడం అయిపోయింది. ఎంత అందంగా వచ్చిందో. ఒక కాయిల్ పక్కన ఒకటి, అన్నీ ఒకే ఎత్తులో. మోటార్ లోపలి గాడుల్లో కాగితం పెట్టాను, కాయిల్స్ దింపాను, దారంతో బిగించి కట్టాను, కొసల మీద బ్రష్‌తో వార్నిష్ పైపైన ఒక పూత వేశాను. సెంటర్లో చేసినట్టే, ఒక్కటి కూడా వదల్లేదు. వార్నిష్ తడి ఆరాక మెరుస్తోంటే చెల్లి "ఇంత బాగున్నదాన్ని మూతేసి దాచెయ్యాలా?" అంది.

సాయంత్రం బావి దగ్గర బిగించాం. పెదనాన్న స్విచ్ వెయ్యబోతూ ఆగి, "నువ్వెయ్యమ్మా, నీ చేత్తోనే కానీ" అన్నాడు. వేశాను. గొట్టం దగ్గి, గాలి వదిలి, ఆ తర్వాత నీళ్లు దూకాయి. బెండ సాళ్లలోకి నీళ్లు వెళ్తుంటే పెదనాన్న వాటి వెంటే నడుచుకుంటూ పోయాడు. తిరిగొచ్చి "మా ఇంజనీరు" అని భుజం తట్టాడు. ఇంటికొచ్చేదాకా నా పనిముట్ల సంచి నాన్నే మోశాడు.

ఇవాళ మాత్రం నాకు అలసట లేదు.

మార్చి 10

ఎవరూ రాలేదు. పర్లేదు. ఒక్కటి నడుస్తోంది కదా, అదే చెబుతుంది నలుగురికీ.

మార్చి 15

పెదనాన్న వచ్చాడు. తర్వాత రాస్తాను.

మార్చి 16

కాలిపోయింది. మూత తియ్యకముందే వాసన వచ్చింది. ఆ వాసన ఏమిటో తెలిసి కూడా నాలుగు బోల్టులూ నిదానంగా విప్పాను, నిదానంగా విప్పితే లోపల ఏదో మారుతుందన్నట్టు.

"నేనేమన్నా తప్పుగా వేశానా తల్లీ? స్విచ్ నొక్కడమే కదా" అన్నాడు పెదనాన్న. ఆయన అలా అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"నీ తప్పేం లేదు పెదనాన్నా. వోల్టేజ్ పడిపోయి ఉంటుంది."

"పడుతూనే ఉంటుంది. పాతదానికి ఏళ్ల తరబడి పడింది మరి."

పాతది కంపెనీది, మొరటుగా అయినా మందంగా ఉంటుంది అన్నాను. ఆ చెప్పింది నాకే అర్థం కాలేదు. పెదనాన్న మాత్రం తలూపాడు. వోల్టేజే అయి ఉంటుంది.

మార్చి 18

మళ్లీ విప్పాను. ఈసారి నా పనే కాబట్టి చక్కగా వచ్చేసింది. ఒక కొస పట్టుకుని లాగితే చాలు, పిల్లల జడ విప్పినట్టు. ఉలి అక్కర్లేకపోయింది. కంపెనీ వాళ్లకి ఈ శుభ్రత ఎక్కడిది? వదిన చూసి "అబ్బో, ఇప్పుడు చెయ్యి తిరిగింది" అంది. అంత కష్టంలోనూ కాస్త గర్వంగానే అనిపించింది.

నాన్న కొత్త తీగ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది.

మార్చి 20

చుట్టాను. ఈసారి ఒక చుట్టు కూడా దాటకుండా లెక్క మూడుసార్లు చూసుకున్నాను. దారం వేళ్లు కోసుకుపోయేలా బిగించాను. కొసల మీద వార్నిష్ ఒకటికి రెండు పూతలు. పెదనాన్నకి వోల్టేజ్ మీటర్ కూడా పెట్టించాను, ముల్లు ఈ గీత కింద ఉంటే వెయ్యొద్దని గట్టిగా చెప్పాను. "మోటార్ కన్నా ఈ ముల్లుకే ఎక్కువ భయపడాలేమో" అని నవ్వాడు.

నడుస్తోంది.

మార్చి 22

నడుస్తోంది.

మార్చి 23

నడుస్తోంది. ఈ ముక్క రోజూ ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసు.

మార్చి 28

మళ్లీ కాలింది. వోల్టేజే.

మార్చి 29

వోల్టేజ్ కాదు. ముల్లు గీత పైనే ఉందట. పెదనాన్న ఒట్టు వెయ్యబోతే చేత్తో ఆయన నోరు మూశాను.

పొద్దున్న పొలానికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. పెదనాన్న, పెద్దమ్మ బిందెలతో బావిలోంచి తోడి సాళ్లలో పోస్తున్నారు. అంత పొలానికి ఆ బిందెలు ఏ మూలకి? చివరి సాళ్లలో ఆకులు అప్పటికే వాడి వేలాడుతున్నాయి. నేనూ ఒక బిందె అందుకున్నాను. పెద్దమ్మ నా చేతిలోంచి తీసేసుకుంది. కోపంతో కాదు. "వద్దులేమ్మా, నువ్వు అసలే అలిసిపోయావు" అంది. పెదనాన్న "పోనీలే, సోమవారం టౌన్లో షాపుకి తీసుకెళ్తా" అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. వాళ్లు నన్ను ఓదార్చారు. దారిలో ఏడ్చాను, గట్టు మీద ఎవరూ లేరు కదా అని గట్టిగానే ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి వదిన ఫోన్లో వాళ్ల అక్కతో మాట్లాడుతోంది. సోమవారం మిల్లు బస్సు వస్తుందట, ఇద్దరికీ చోటుందట. నాన్న చెల్లి వైపు చూసి, నా వైపు చూసి, "కాళ్లు కడుక్కో, అన్నం తిందువు" అన్నాడు. అంతే. ఆ మాటతో తేలిపోయింది.

మార్చి 30

పొద్దున్న రెండు జతల బట్టలు సంచిలో పెట్టాను. చెల్లి తన సంచి ముట్టుకోలేదు. "నువ్వు ఫస్టు వచ్చావు కదక్కా" అంది.

పెదనాన్న మోటార్ టౌన్ షాపుకి వెళ్లేముందు లోపల నేను చుట్టింది తీసెయ్యాలనుకున్నాను. ఎవడో తీసి చూసి నవ్వుతాడని. మొహం చెల్లని పని ఎదుటివాడి చేతిలో ఎందుకు పెట్టడం? కూర్చుని కొస పట్టుకుని లాగాను. వచ్చేసింది. కాలిన తీగ కూడా మెలిక లేకుండా వచ్చింది. అలవాటు కొద్దీ ఒక్క క్షణం సంతోషించాను, సార్ ఉంటే చూపించేవారని.

ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది.

లోపల ఇంకా ఉన్న కాయిల్‌ని వేలితో నొక్కాను. కదిలింది. పక్కదాన్ని నొక్కాను, అదీ కదిలింది. పైన కొసల దగ్గర వార్నిష్ ఉంది, గట్టిగా మెరుస్తోంది. గాడిలోకి వెళ్లేచోట లేదు. గాడి లోపల అసలు ఒక్క చుక్క లేదు. లోపల తీగలన్నీ విడివిడిగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. మోటార్ తిరిగినంతసేపూ వణికి ఉంటాయి, వణికి వణికి తీగ మీది పొర పోయి, ఒకదానికొకటి తగిలి కాలి ఉంటాయి. మసి కూడా గాడుల్లోనే ఉంది, కొసల దగ్గర లేదు.

మూలన కంపెనీ వైండింగ్ ముక్కలు ఇంకా అలాగే పడున్నాయి, చెత్తలో వెయ్యడానికి బద్ధకించాను. ఒకటి తీసి నేలకేసి కొట్టాను. తీగలు విడిపోలేదు. అన్నీ కలిసి ఒకే ముద్ద. ఒక ముక్క విరిచి చూస్తే తీగకీ తీగకీ మధ్య తేనె రంగులో వార్నిష్ నిండిపోయి ఉంది.

పోత పోశారా అని రాశాను మొదటి రోజే. పోశారు. నేను మొరటుతనం అనుకుని తిట్టుకున్నదే అసలు పని. పరీక్షలో ఐదో ప్రశ్నకి "వార్నిష్ బాగా పట్టించవలెను" అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఏడాదంతా చుట్టాం, విప్పాం, చుట్టాం, విప్పాం. బాగా విడిపోయేలా చుట్టినందుకు నాకు బహుమతి ఇచ్చారు.

మార్చి 31

మిల్లు బస్సు వచ్చింది. ఎక్కలేదు. వదిన రోడ్డు మీద పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయను. నాన్నతో "ఒక్క ఫోన్ చేసుకోనివ్వు, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను. పెదనాన్న కాళ్లావేళ్లా పడి మోటార్‌ని ఒక్క రోజు ఆపించాను.

సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, వార్నిష్ ఎలా వెయ్యాలి?"

"అదేంటమ్మా, వేశారు కదా మీరంతా. బ్రష్‌తో..."

"అది కాదు సార్. నిజంగా ఎలా వెయ్యాలి?"

ఫోన్‌లో ఆయన వెనకాల ఎవరో బల్లలు జరుపుతున్న చప్పుడు వినబడింది. సార్ గొంతు తగ్గించి చెప్పారు. "మోటార్‌ని ముందు వేడెక్కించాలి. వేడి మీదే పొయ్యాలి. ఇవతల పోస్తే అవతల కారాలి. తిప్పి మళ్లీ పొయ్యాలి. ఇక తాగనన్నాక ఒక రోజంతా వేడిలో ఉంచాలి. రాయి అవుతుంది."

"మాకెందుకు చెప్పలేదు సార్?"

"మొట్టమొదటి బ్యాచ్‌తో చేయించానమ్మా. రాయైంది. రెండో బ్యాచ్‌కి విప్పుదామంటే రాలేదు, తీగంతా పాడైంది. కొత్త తీగ అడిగితే పాతదేం చేశారన్నారు పైవాళ్లు. అప్పట్నుంచీ ఆ పైపూతే. ఎలాగూ ఏదో షాపులో చేరతారు, అక్కడ చూసి నేర్చుకుంటారులే అనుకుంటూ వచ్చాను."

"నేను షాపులో చేరలేదు సార్. మా ఊరొచ్చాను."

"అవును," అన్నారాయన. "ఊళ్లకి వెళ్లాలనే కదా స్కాలర్‌షిప్ ఇచ్చేది."

తిట్టాలని ఫోన్ చేశాను. ఆయన గొంతు వింటే నాకన్నా అలిసిపోయినట్టుంది. పెట్టేసేముందు రెండు మాటలు చెప్పారు. చెల్లి పేరు స్కాలర్‌షిప్ లిస్టులో ఉందట. మే నెలలో కొత్త బ్యాచ్ మొదలయ్యే రోజు నన్ను వచ్చి మాట్లాడమంటున్నారట పైవాళ్లు, పల్లెటూళ్లో సొంత షాపు పెట్టిన అమ్మాయిగా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఏప్రిల్ 1

నాన్నకి, పెదనాన్నకి కూర్చోబెట్టి చెప్పాను. కంపెనీ ముక్క ఒక చేతిలో, నా తీగ ఒక చేతిలో పెట్టాను. నాన్న రెండూ నలిపి చూశాడు. పెదనాన్న మాత్రం నా మొహమే చూశాడు.

"ఈసారీ కాలితే?" అన్నాడు నాన్న.

"కాలితే నేనే బస్సెక్కుతా. చెల్లిని కూడా తీసుకుపోతా."

"మోటార్ నీది అన్నయ్యా, నువ్వే చెప్పు" అని నాన్న పెదనాన్న వైపు తిరిగాడు.

పెదనాన్న తలగోక్కున్నాడు. "బెండ ఎలాగూ సగం పోయింది. మిగిలిన సగం దీని మీద పందెం కాద్దాం. కానీ పిల్లా, ఇదే ఆఖరు. మీ పెద్దమ్మకి బిందెలు మోసి నడుం పోయింది."

తీగ మళ్లీ అప్పు మీదే వచ్చింది. దాని గురించి రాయడం మొదలుపెడితే ఇవాళ పూర్తవదు.

ఏప్రిల్ 3

చుట్టడం అయింది. వేడి ఎలా? పొయ్యి మీద పెడదామంటే వార్నిష్ అంటుకుంటే ఇల్లే పోతుంది. మూత ఉన్న పెద్ద రేకు డ్రమ్ము కావాలి, లోపల పెద్ద బల్బులు పెడితే సరిపోతుంది. అలాంటి డ్రమ్ము ఇంట్లో ఒక్కటే ఉంది, అది వదిన గింజల డ్రమ్ము. అడగడానికి ధైర్యం చాలక పొద్దుటినుంచీ దాని చుట్టూ తిరిగాను.

చివరికి వదినే అంది. "దాని చుట్టూ ప్రదక్షిణలు ఆపి నోరు తెరిచి అడుగు."

"డ్రమ్ము కావాలి వదినా. వాసన పట్టేస్తుంది. మళ్లీ గింజలకి పనికిరాదు."

వదిన మూత తీసింది, గింజలన్నీ బస్తాలోకి వంపింది. "నేనూ ఎనిమిదేళ్లు మిల్లులో చేశాను, నీకు తెలుసా? పెళ్లికి ముందు. దగ్గు ఇంకా పోలేదు" అంది. డ్రమ్ము నా వైపు దొర్లించింది. "కొత్త డ్రమ్ము నువ్వే కొనిపెట్టాలి. నాకు మూత బిగుతుగా ఉన్నది కావాలి."

ఇన్నాళ్లూ ఆ దగ్గుని దుమ్ముదనుకున్నాను. అదే మనిషి మమ్మల్ని మిల్లుకి ఎందుకు పంపబోయిందని అడగలేదు. అడగక్కర్లేదు, వేరే దారి ఆమెకి ఎవరూ చూపించలేదు.

ఏప్రిల్ 4

వేడెక్కించి పోశాను. బాబోయ్, ఎంత తాగిందో. పోస్తున్నకొద్దీ లోపలికి పోతూనే ఉంది, గాడుల్లోంచి బుడగలు వచ్చాయి. ఇన్నాళ్లూ ఆ గాలంతా లోపలే ఉందన్నమాట. అవతలి వైపు తేనెలా కారడం మొదలుపెట్టాక తిప్పి మళ్లీ పోశాను. తర్వాత డ్రమ్ములో పెట్టి బల్బులు వెలిగించాను. ఇల్లంతా ఒకటే వాసన, అందరికీ తలనొప్పి. అమ్మ వంట వాకిట్లోకి మార్చింది.

ఏప్రిల్ 5

బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. ముట్టుకోకుండా కూర్చోవడం చుట్టడం కన్నా కష్టం.

ఏప్రిల్ 6

తీశాను. వేలితో నొక్కాను. గోరుతో గీకాను. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాను. కదల్లేదు. నునుపుగా లేదు, అందంగా లేదు, గడ్డ కట్టిన బెల్లంలా ఉంది. చెల్లి చూసి "ముందు చేసిందే బాగుంది" అంది.

బావి దగ్గర ఈసారి ఎవరూ ఇంజనీరని పిలవలేదు. పెదనాన్న "వెయ్యి" అన్నాడు. వేశాను. చప్పుడే వేరుగా ఉంది. అంతకుముందు లోపల సన్నగా ఏదో గరగర ఉండేది, మోటార్ అంటే అంతేలే అనుకున్నాను.

నీళ్లు వచ్చాయి. పెద్దమ్మ బిందె బోర్లించి దాని మీద కూర్చుంది.

ఏప్రిల్ 17

పెదనాన్న రాలేదు. రాకపోవడమే మంచి కబురు.

ఏప్రిల్ 26

నిన్న సందు చివరి పిండిమర అతను మోటార్ తెచ్చాడు. "మీ పెదనాన్నది ఇంకా నడుస్తోందట కదా, నిజమేనా?" అని రెండుసార్లు అడిగి మరీ దించాడు. ఇవాళ పొద్దుటినుంచీ దాన్ని విప్పుతున్నాను. రావట్లేదు. తిట్టుకుంటున్నాను కానీ, వేరే రకం తిట్లు.

అలసట మాత్రం పోలేదు. ఇక పోదేమో. నాన్న చెల్లి ట్రంకుపెట్టె దించి తుడుస్తున్నాడు.

మే 12

చెల్లితో సెంటర్‌కి వెళ్లాను. పాత ఇనుము అతని దగ్గర బేరమాడి కాలిపోయిన కంపెనీ మోటార్లు రెండు గోనెసంచిలో వేసుకెళ్లాం. కండక్టర్ "వీటికీ టిక్కెట్ తియ్యాలి" అన్నాడు. "తీస్తాను గానీ సీటిస్తావా?" అంది చెల్లి. అతను ముందు సీట్ల వైపు వెళ్లిపోయాడు.

సెంటర్ ఏమీ మారలేదు. అవే బల్లలు, అవే మోటార్లు, అన్నింటిలో నేను చుట్టి విప్పిన తీగే. నా బ్యాచ్ ఫోటో గోడ మీద ఉంది. పైవాళ్లు ముగ్గురు కుర్చీల్లో కూర్చున్నారు. నన్ను మాట్లాడమంటే లేచి, "ఇక్కడ నేర్చుకున్నదాంతో పెదనాన్న మోటార్ రెండుసార్లు కాల్చాను" అన్నాను. హాలంతా నవ్వారు, సరదాకి అన్నాననుకున్నారు. సార్ ఒక్కరే నవ్వలేదు. ఎందుకు కాలాయో మొత్తం చెప్పాను. చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. కుర్చీల్లో ఒకాయన వాచీ చూసుకున్నాడు, ఇంకొకాయన సార్ వైపు చూశాడు. వోల్టేజ్ మీద నెట్టెయ్యాలని ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.

తర్వాత వర్క్‌షాపులో గోనెసంచి విప్పాను. సార్ పక్కన నిలబడ్డారు.

"ఇవి చుట్టించి వార్నిష్ పోయించండి సార్. పోసినవి ఎవరి పొలానికో వెళ్తాయి. మళ్లీ విప్పక్కర్లేదు."

"తర్వాతి బ్యాచ్‌కో?"

"ఊళ్లల్లో కాలిన మోటార్లకి కరువా సార్?"

ఆయన ఒకదాని మీద చెయ్యి పెట్టి చూశారు. "పైవాళ్లని అడగాలి" అన్నారు. ఆ తర్వాత అడగకుండానే అల్మారా తెరిచి సుత్తులు, ఉలులు బయటికి తీశారు.

కొత్తవాళ్లు చుట్టూ చేరారు. మొదటి ఉలి చెల్లికే ఇచ్చాను. నేను బస్సు టైము చూసుకుని బయల్దేరబోతుంటే వెనక నుంచి అరిచింది. మొహమంతా చెమట, ఒక అరచేయి అప్పుడే ఎర్రగా కందింది.

"అక్కా, ఎంత కొట్టినా రావట్లేదే ఇది!"

"రాకూడదు" అన్నాను. ఆ మాట అందరికీ వినబడేలా ఇంకోసారి చెప్పి బస్సెక్కాను.